విదేశంలో ఉంటూ మన సినిమాలు ఆన్‌లైన్‌లో ఎలా చూస్తున్నారు?

శంఖుపుష్పం
విసుగెత్తి రాస్తున్నాను. ఇండియా నుంచి వచ్చేముందే రెండు ఓటీటీలకు ఏడాది చందా కట్టేశాను. ఇక్కడికొచ్చి యాప్ తెరిస్తే ఒకదాంట్లో సగం సినిమాలు మాయం. పోస్టర్ కనిపిస్తుంది, ప్లే నొక్కితే "మీరున్న ప్రాంతంలో ఈ వీడియో అందుబాటులో లేదు" అంటుంది. రెండోది కొత్త ఫోన్‌లో ఇన్‌స్టాల్ కూడా కావట్లేదు, స్టోర్‌లో వెతికినా కనపడదు. పక్కింటివాళ్లు వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టుకోమంటున్నారు. మా ఆయన ఆఫీసులో ఒకాయనేమో "టీవీకి తగిలించే బాక్స్ కొనుక్కోండి, ఛానెళ్లు, సినిమాలు అన్నీ వచ్చేస్తాయి" అంటున్నాడట. డబ్బు కట్టింది నేను, లాగిన్ నాది. దేశం మారితే సినిమా ఎందుకు మారాలి? పైగా నేను చూసేవి పాత సినిమాలే. ఎవరు ఎలా చూస్తున్నారో కాస్త చెప్పండి.

నేలటికెట్
వీపీఎన్ పెట్టండి, ఇండియా సర్వర్ ఎంచుకోండి, అంతే. దీనికింత చర్చ ఎందుకు?

బఫరింగ్_బాబాయ్
తమ్ముడూ, ఆ "అంతే" దగ్గరే నాకు నవ్వొచ్చింది. నేనూ అలాగే మొదలుపెట్టా. క్లైమాక్స్‌లో హీరో కత్తి ఎత్తాడు, చక్రం తిరగడం మొదలైంది. నేను స్నానం చేసి వచ్చినా ఆ కత్తి దిగలేదు. నా పేరు ఊరికే రాలేదు మరి.

కోడ్_కోటయ్య
శంఖుపుష్పం గారూ, మీ రెండు యాప్‌లవీ రెండు వేరు వేరు సమస్యలు. కలిపి చూస్తే ఏ మందూ పనిచేయదు.

మొదటిది హక్కుల గొడవ. నిర్మాత సినిమాను ఒకేసారి ప్రపంచమంతటికీ అమ్మడు. ఇండియా డిజిటల్ హక్కులు ఒకరికి, ఓవర్సీస్ ఇంకొకరికి, కొన్నిసార్లు ఒక్కో దేశానికి ఒక్కొక్కరికి. మీరు చందా కట్టిన కంపెనీ ఆ సినిమాను ఇండియాకు మాత్రమే కొనుక్కుంటే, మీరున్న దేశంలో చూపించే హక్కు దానికే లేదు. మీ నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్, అదే ఐపీ అడ్రస్, చూసి మీరెక్కడున్నారో తెలుసుకుని ఆపేస్తుంది. చందా కట్టారా లేదా అన్నది అక్కడ లెక్కలోకే రాదు. పాత సినిమాల సంగతి ఇంకా చిక్కు. ఓటీటీ అన్న మాటే లేని రోజుల్లో రాసుకున్న అగ్రిమెంట్లు అవి. విదేశీ హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో తేల్చుకోవడమే ఒక పని, అందుకని చాలా కంపెనీలు వాటి జోలికే పోవు.

రెండోది స్టోర్ గొడవ. ఆ యాప్‌ను మీరున్న దేశపు ప్లే స్టోర్‌లో పెట్టలేదన్నమాట. మీ గూగుల్ ఖాతా దేశం ఏముందో చూడండి. దాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు, తొందరపడి మార్చకండి. ఐఫోన్ అయితే ఇంకో తలనొప్పి. ఖాతాలో మిగిలిన బ్యాలెన్స్ ఖర్చుపెట్టాలి, నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్లు ముగియాలి, అప్పుడే దేశం మార్చనిస్తుంది.

శంఖుపుష్పం
ఓహో. నా గూగుల్ ఖాతాను ఇక్కడికి రాగానే ఈ దేశానికి మార్చేశారు మా ఆయన, ఏదో బ్యాంకు యాప్ కోసం. అందుకేనా కనపడట్లేదు?

కోడ్_కోటయ్య
అందుకే. పాత ఫోన్ పారేయలేదు కదా? అందులో యాప్ ఉంటే ఉండనివ్వండి, తీసేయకండి.

నేలటికెట్
కోటయ్య గారు చెప్పింది నిజమే గానీ, ఇండియా ఐపీ వచ్చేస్తే మొదటి సమస్య తీరినట్టే కదా. నాకు పనిచేస్తోంది. బాబాయ్‌కి నెట్ స్లో అయ్యుంటుంది.

బఫరింగ్_బాబాయ్
నా నెట్ ఫోర్‌కే ఆడినా మిగిలేంత ఉందిరా నాయనా. నెట్‌ఫ్లిక్స్ వాడు అడిగేదే ఫోర్‌కేకి 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. వీపీఎన్ ఆపేస్తే అద్దంలా ఆడుతుంది. ఆన్ చేస్తే చక్రం.

కోడ్_కోటయ్య
బాబాయ్ చెప్పిన దానికి కారణం ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచి ఓపెన్ కనెక్ట్ అని సొంత పెట్టెలు ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెడుతోంది. మీరు చూసే సినిమా మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న డబ్బాలోంచి వస్తుంది. మిగతా పెద్ద కంపెనీలదీ దాదాపు ఇదే పద్ధతి. వీపీఎన్ పెట్టగానే ఆ దగ్గరి డబ్బాను వదిలేసి సముద్రాలు దాటి తెచ్చుకుంటున్నారు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్‌లో ఇండియా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది, వీపీఎన్ కంపెనీలు వాడేవాళ్ల వివరాలు అయిదేళ్లు దాచి ఉంచాలని. ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ లాంటివి అది మా వల్ల కాదని ఇండియాలో ఉన్న సర్వర్లు ఎత్తేశాయి. ఇప్పుడు వాటి యాప్‌లలో "ఇండియా" అని కనిపించేది వర్చువల్ సర్వర్. ఐపీ ఇండియాది, మిషన్ మాత్రం సింగపూర్‌లోనో ఇంకెక్కడో ఉంటుంది. నేలటికెట్, నువ్వు "ఇండియా" నొక్కినప్పుడు నీ సినిమా ఇండియా నుంచి సింగపూర్ వెళ్లి, అక్కణ్నుంచి నీ దగ్గరికి వస్తోంది.

నేలటికెట్
నాకంటే నా సినిమాయే ఎక్కువ దేశాలు తిరుగుతోందన్నమాట.

వకీలమ్మ
ఇది కూడా గుర్తుపెట్టుకోండి. వీపీఎన్ వాడటం చాలా దేశాల్లో నేరం కాదు. కానీ దాంతో ప్రాంతపు హద్దు దాటి చూడటం ఆ కంపెనీల నిబంధనలకు విరుద్ధం. మీరు "అంగీకరిస్తున్నాను" అని టిక్ పెట్టిన పత్రంలో ఆ మాట ఉంటుంది, ఎవరూ చదవరు అంతే. ఇది కోర్టుకెక్కే వ్యవహారం కాదు. మహా అయితే వీడియో ఆగుతుంది, లేదా ఖాతా పోతుంది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో ఒక్కరోజే 130 దేశాలకు విస్తరించింది. వీపీఎన్‌లను అడ్డుకుంటామని అదే నెలలో ప్రకటించింది. వీపీఎన్ సర్వర్లుండే డేటా సెంటర్ల ఐపీల జాబితాలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఇవాళ పనిచేసిన సర్వర్ రేపు చేయకపోవడం అందుకే.

ఎడారిగాలి
మేం యూఏఈలో ఉంటాం. ఇక్కడ వీపీఎన్ అంటే ముందు లా చూసుకోవాలి. 2021 సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో, చేసింది దాచడానికో వీపీఎన్‌తో ఐపీ మార్చితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల వరకు ఉంది. ఆఫీసు పనికి వాడుకుంటే ఫర్వాలేదు. సినిమా చూడటం ఏ గీతకు ఇవతలో అవతలో అని టెన్షన్ పడుతూ కామెడీ సీను చూడటం నా వల్ల కాదు. మేం మానేశాం.

బఫరింగ్_బాబాయ్
మీకు 2025 సెప్టెంబర్‌లో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు కూడా ఇబ్బంది అయినట్టుంది కదా?

ఎడారిగాలి
అవును బాబాయ్, జెడ్డా దగ్గర తెగాయి. నెట్ నత్తనడక. చిత్రమేంటంటే ఇక్కడి చందాతో చూసే సినిమాలు బాగానే ఆడాయి, వీడియో కాల్స్ మాత్రం చచ్చాయి. కోటయ్య గారి పెట్టె కథ ఇప్పుడు అర్థమైంది.

ఇంటర్వెల్‌బ్యాంగ్
యూరప్‌లో అయితే ఈ గొడవ లేదు. చట్టమే ఉంది, ఎక్కడ చందా కట్టినా యూరప్ అంతా చూడొచ్చని. మిగతా దేశాలు కూడా పెడితే పోయేది.

వకీలమ్మ
సగమే నిజం. 2018 ఏప్రిల్ 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో పోర్టబిలిటీ నిబంధన అమల్లో ఉంది. మీరు జర్మనీలో నివసిస్తూ, అక్కడ డబ్బు కట్టి చందా తీసుకుని, సెలవుల్లో ఇటలీ వెళ్తే జర్మనీ కేటలాగే కనిపించాలి. "తాత్కాలికంగా" వెళ్తేనే. కాపురం మారిస్తే వర్తించదు. ఉచిత సర్వీసులకు తప్పనిసరి కాదు. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక 2021 నుంచి వాళ్లకీ లేదు. ఇక ఇండియాలో కట్టిన చందాకు అసలు సంబంధమే లేదు.

ఇంటర్వెల్‌బ్యాంగ్
పోయింది నా ఆనందం.

పాతరీలు
మీరంతా దీన్ని కొత్త రోగం అనుకుంటున్నారు. డీవీడీల కాలంలోనే ఉంది. ప్రపంచాన్ని ఆరు రీజియన్లుగా కోశారు. అమెరికా, కెనడా 1, యూరప్ 2, ఇండియా 5. ఇండియా నుంచి సూట్‌కేస్ అడుగున బట్టల మధ్య పెట్టి తెచ్చిన డిస్క్ ఇక్కడి ప్లేయర్‌లో వేస్తే నీలం తెర మీద "రీజియన్ ఎర్రర్". దానికి తోడు ప్యాల్, ఎన్‌టీఎస్‌సీ అని ఒక్కో చోట ఒక్కో టీవీ పద్ధతి ఉండే గొడవ. అప్పట్లో రిమోట్ మీద ఏవో నంబర్లు వరుసగా నొక్కితే కొన్ని ప్లేయర్లు అన్ని రీజియన్లకూ తెరుచుకునేవి. ఆ నంబర్ ఎవరికైనా తెలిస్తే ఆయనకు మా వాళ్లలో ఎమ్మెల్యేకిచ్చినంత మర్యాద. ఒకటి మాత్రం చెప్తా, ఆ డిస్కులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. మీ వాచ్‌లిస్ట్‌లో సినిమా రేపు ఉంటుందో లేదో మీకు తెలియదు.

సిగ్నల్_సుబ్బు
పాతరీలు గారూ, అందుకే నేను చందా కాకుండా ఒక్కో సినిమా "కొనేస్తా". అది మనదే కదా.

వకీలమ్మ
సుబ్బూ, కాదు. ఆ "కొను" బటన్ నొక్కితే వచ్చేది చూసుకునే లైసెన్స్ మాత్రమే. కాలిఫోర్నియాలో ఇదే విషయం మీద చట్టం చేశారు, 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. లైసెన్స్ అమ్ముతూ అది లైసెన్స్ అని స్పష్టంగా చెప్పకుండా "కొను" అని రాయకూడదు. ఖాతా దేశం మార్చినప్పుడు పాత దేశంలో కొన్న సినిమాలు కొన్ని కనపడకుండా పోవచ్చు కూడా. అద్దెకు తీసుకోవడం నయం. సాధారణంగా 30 రోజుల్లోపు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో పూర్తిచేయాలి. చూసే సినిమా రెండోసారి చూడనిదైతే కొనడం దేనికి?

పాతరీలు
మన సినిమా రెండోసారి చూడకపోవడమా! వకీలమ్మా, మీరు ఎవరి అభిమానో ముందు చెప్పండి.

చిన్నోడు_చాలా_ఫాస్ట్
ఎవరూ బాక్స్ గురించి మాట్లాడరేం? మా ఇంట్లో ఆండ్రాయిడ్ బాక్స్ ఉంది. ఒక్కసారి డబ్బు, ఆపైన అన్నీ ఫ్రీ. విడుదలైన వారానికే సినిమా వచ్చేస్తుంది. హాయిగా చూస్తున్నాం.

కోడ్_కోటయ్య
నువ్వు సినిమా చూస్తున్నావు, ఆ బాక్స్ ఏం చూస్తోందో తెలుసా? 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ముఠా సాఫ్ట్‌వేర్ ఇలాంటి బాక్సుల్లో అమ్మకానికి ముందే ఎక్కించి ఉంటుంది, లేదా మొదటిసారి సెట్ చేసేటప్పుడు దింపుకునే యాప్‌లతో ఎక్కుతుంది. ఆ తర్వాత మీ ఇంటి నెట్‌ను బయటివాళ్లకు దారిగా వాడుకోనిస్తుంది. ఎవడో ఎక్కడో చేసే మోసం మీ ఇంటి ఐపీ మీదుగా వెళ్తుంది. ప్లే స్టోర్ బదులు ఏదో తెలియని స్టోర్ ఉన్నా, చెడ్డ యాప్‌లను పట్టే గూగుల్ కాపలా ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమని అడిగినా, "అన్నీ ఫ్రీ" అని అమ్మినా అనుమానించమని అందులోనే రాశారు. నీ బాక్స్‌కు ఈ మూడూ సరిపోయేట్టున్నాయి.

చిన్నోడు_చాలా_ఫాస్ట్
ప్లే ప్రొటెక్ట్ ఆపేయమని అమ్మినవాడే చెప్పాడు. వేగం పెరుగుతుందన్నాడు.

నేలటికెట్
చిన్నోడా, ముందు దాన్ని ప్లగ్ నుంచి పీకెయ్. తర్వాత మాట్లాడుకుందాం.

వెన్నెల_వాకిలి
హక్కుల సంగతి అలా ఉంచితే, ఆ బాక్సుల్లో వచ్చే బొమ్మ కూడా బాగుండదు. ఇంకోటి, సరైన యాప్ వేసినా సర్టిఫై కాని బాక్స్‌లో మసకగానే వస్తుంది. వీడియో కాపీ కాకుండా వైడ్‌వైన్ అని ఒక తాళం ఉంటుంది, దాంట్లో స్థాయిలు. ఎల్1 ఉన్న ఫోన్‌కో టీవీకో హెచ్‌డీ ఇస్తారు. ఎల్3 మాత్రమే ఉంటే చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. మా తమ్ముడు వాళ్ల నెట్ కంపెనీతో పోట్లాడాడు, ప్లాన్ పెంచాడు, రౌటర్ మార్చాడు. చివరికి చూస్తే బాక్స్‌ది ఎల్3.

ఇంటర్వెల్‌బ్యాంగ్
ఇండియాలో అమ్మానాన్నల ఖాతాతో చూసేవాళ్లు లేరా? నేను చాలా కాలం అలాగే లాగించా. ఈమధ్య టీవీలో "ఈ పరికరం మీ ఇంటిది కాదు" అంటూ కోడ్ అడుగుతోంది.

వెన్నెల_వాకిలి
నెట్‌ఫ్లిక్సే కదా? ఒక ఖాతా ఒక ఇంటికే అన్న పద్ధతి 2023 జులైలో ఇండియాలో మొదలుపెట్టారు. ఐపీ, పరికరాల ఐడీలు చూసి ఇల్లు ఏదో తేలుస్తారు. కోడ్ ఖాతాదారుకు మెయిల్‌లోనో ఫోన్‌కో వస్తుంది, 15 నిమిషాలే పనిచేస్తుంది. మనకు రాత్రి ఎనిమిదైతే నాన్నకు తెల్లవారుజాము. నిద్రలేపి "నాన్నా, ఆ మెయిల్ తెరిచి నాలుగు అంకెలు చెప్పు" అంటే ఆయన కళ్లజోడు వెతుక్కుని, ముందు బ్యాంకు మెయిల్ తెరిచి, దాంట్లో అంకెలు చదువుతారు. అందరి సుఖం కోరి ఇక్కడ విడిగా తీసుకున్నాం. తీసుకున్నాక తెలిసిందేంటంటే, ఇక్కడి కేటలాగ్‌లో మన సినిమాలు అనుకున్నంత తక్కువేం లేవు.

కోడ్_కోటయ్య
దాని వెనక కూడా లెక్క ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో ఖాతా ఏ దేశానిదైనా, కేటలాగ్ మాత్రం మీరు కూర్చున్న దేశానిది. ఇండియా ఖాతాతో చూసినా మీకు కనిపించేది మీరున్న చోటి జాబితాయే. ప్రైమ్ వీడియో అలా కాదు, ఖాతా దేశాన్ని పట్టించుకుంటుంది. బయటి దేశంలో ఉంటే ఖాతా దేశపు జాబితాలో కొన్నిటినే చూడనిస్తుంది. అందుకని ఒక యాప్‌కు పనిచేసిన చిట్కా ఇంకోదానికి పనిచేయదు.

తీగలాగు_డొంకకదులు
నేను చేసిన పని ఎవరూ చెప్పలేదు. ఇండియాలో మా ఇంట్లోనే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి దాంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వేశా. అంటే మా ఇంటి నెట్టే నా వీపీఎన్. ఐపీ డేటా సెంటర్‌ది కాదు, ఇంటిది. మొదట కుదరలేదు, అక్కడి ఇంటర్నెట్ కంపెనీ విడి పబ్లిక్ ఐపీ ఇవ్వకుండా అందరినీ ఒకే ఐపీ వెనక పెట్టింది. బయటి నుంచి లోపలికి దారి ఉండదన్నమాట. టెయిల్‌స్కేల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వేశాక దారి దొరికింది. ఇంకో చిక్కు, వీపీఎన్‌లో పాత రకం ఐపీ అడ్రస్ ఐపీవీ4 ఒక్కటే వెళ్లి కొత్త రకం ఐపీవీ6 బయటికి కారుతుంటే యాప్ మన అసలు దేశం పట్టేస్తుంది. అది కూడా మూసుకోవాలి.

అన్నీ అయ్యాక బ్రహ్మాండంగా నడిచింది. కానీ మా అమ్మకు రాత్రి పడుకునేముందు ఇంట్లో వెలుగుతున్న ప్రతి ఎర్ర లైటూ ఆపేయడం అలవాటు. సినిమా సగంలో ఉండగా తెర నల్లబడిపోయేది. స్విచ్ మీద "ఆపవద్దు" అని చీటీ అంటించి వచ్చా. ఆ చీటీ జాగ్రత్తగా పక్కకు తీసిపెట్టి, స్విచ్ ఆపేసి, మళ్లీ అంటించేది.

బఫరింగ్_బాబాయ్
అమ్మను మించిన ఫైర్‌వాల్ లేదు.

నేలటికెట్
తీగలాగు అన్నా, ఇది బాగుంది. స్టెప్పులు విడిగా ఒక పోస్టు రాయవా?

వకీలమ్మ
బాగుంది గానీ నిబంధనల విషయంలో ఇదీ వీపీఎన్ కిందకే వస్తుంది. ఇంటి ఐపీ అయినంత మాత్రాన హక్కు పుట్టదు. తెలిసి చేస్తే మీ ఇష్టం.

తీగలాగు_డొంకకదులు
ఒప్పుకుంటా వకీలమ్మా. ఫోటోలు, డాక్యుమెంట్లు తెచ్చుకోవడానికి పెట్టిందే, సినిమా కొసరు. 😀

శంఖుపుష్పం
ఇన్ని రకాలున్నాయని తెలియదు. నాకు రాస్‌బెర్రీలూ రౌటర్లూ చేసే ఓపిక లేదు. మామూలు మనిషికి పనికొచ్చే దారి ఒకటి చెప్పండి. బాక్స్ మాట ఇంట్లో మళ్లీ ఎత్తనివ్వను, అది తేలిపోయింది.

వెన్నెల_వాకిలి
మేం చేసేది చెప్తా. ఏ సినిమా కావాలో జస్ట్‌వాచ్ సైట్‌లో వెతుకుతాం. పైన దేశం ఎంచుకునే చోటు ఉంటుంది, అక్కడ మీరున్న దేశం పెట్టండి. ఏ యాప్‌లో చందాకు వస్తుందో, ఏదాంట్లో అద్దెకు వస్తుందో చూపిస్తుంది. అన్ని చందాలూ ఒకేసారి కట్టం. ఒకటి తీసుకుని చూడాల్సినవి చూసేసి, ఆపేసి, ఇంకోటి తీసుకుంటాం. పాత సినిమాలకైతే ముందు యూట్యూబ్. నిర్మాణ సంస్థలు, ఆడియో కంపెనీలు తమ ఛానెళ్లలో పూర్తి సినిమాలే పెట్టాయి, చాలావరకు బయటి దేశాల్లోనూ తెరుచుకుంటాయి. పక్కన ఎవడో అద్దంలో తిప్పినట్టు కుడిఎడమలు మార్చి పెట్టినవి కూడా కనిపిస్తాయి, అందులో హీరోలందరూ ఎడమచేతి వాటమే, అవి చూడకండి.

సిగ్నల్_సుబ్బు
లైబ్రరీ కూడా చూడండి. అమెరికా, కెనడాల్లో చాలా పబ్లిక్ లైబ్రరీలు కార్డు ఉంటే కానోపీ, హూప్లా లాంటి సినిమా యాప్‌లు ఉచితంగా ఇస్తాయి. మన భాషవి తక్కువే, కానీ ఇంటిల్లిపాదికీ వేరే సినిమాలు బోలెడు.

ఎడారిగాలి
ఇండియా నంబర్ మాట ఎవరూ ఎత్తలేదు. మన దేశీ యాప్‌లు చాలావాటికి లాగిన్ అంటే మొబైల్ నంబర్, దానికొచ్చే ఓటీపీ. సిమ్ పనిచేయకపోతే చందా ఉన్నా లోపలికి వెళ్లలేం. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబర్ ఆపేసే వీలుంది. తర్వాత అదే నంబర్ ఇంకొకరికి వెళ్తుంది. మా బావగారికి అదే జరిగింది, ఆయన బ్యాంకు ఓటీపీలు కూడా దానికే వచ్చేవి. శంఖుపుష్పం గారూ, సినిమా సంగతి తర్వాత, ముందు సిమ్‌కు రీఛార్జ్ ఉందో లేదో చూడండి.

శంఖుపుష్పం
అమ్మో, చూశాను, వచ్చే వారమే గడువు. ఇప్పుడే చేయించాను. పాత ఫోన్‌లో రెండో యాప్ తెరుచుకుంది, ఓటీపీ కూడా వచ్చింది. సగానికి పైగా సినిమాలు ఆడుతున్నాయి! మొదటిదాన్ని ఏడాది అవ్వగానే ఆపేస్తాను. మొన్న దొరకని సినిమా ఇక్కడ వేరే యాప్‌లో అద్దెకు ఉంది, జస్ట్‌వాచ్‌లో కనిపించింది. ఇంకొక్క ప్రశ్న. ఫోన్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో పెడితే పాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ నల్లగా ఉంది. ఇదేం గొడవ?

కోడ్_కోటయ్య
హెచ్‌డీసీపీ. ఫోన్‌కూ టీవీకీ మధ్య ఉన్న అడాప్టర్ కాపీ రక్షణను ఒప్పుకోవట్లేదు. అడాప్టర్ మార్చండి, లేదా వైరు మానేసి యాప్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కండి. టీవీ ఏ కంపెనీది?

పాతరీలు
మా ఇంటికొచ్చేయండి, డీవీడీ పెడతా. బొమ్మ, మాట రెండూ వస్తాయి.

చిన్నోడు_చాలా_ఫాస్ట్
బాక్స్ పీకేశాను. రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చాలా?

కోడ్_కోటయ్య
మార్చు. ఆ బాక్స్‌లో ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యావో దాని పాస్‌వర్డ్ కూడా మార్చు. ఇప్పుడే, సినిమా తర్వాత కాదు.